ఆసు చేతి తాళం

మా అత్త నర్సింగమ్మ కంప్యూటరును ఆపింది కోపంతో కాదు, దయతో. ఆ మాట ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగిందంతా అత్తాకోడళ్ల కొట్లాట అనుకుంటారు.

పోచంపల్లిలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. మగ్గానికి బట్ట కప్పి, బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించి వదిలేస్తారు. నూలు చుట్టే ఆసు మీద నూలు పొయ్యరు, రంగుల పొయ్యి రాజెయ్యరు. తొంభైతొమ్మిదిలో ఒక గురువారం అట్లాంటి అమావాస్యే. ఇంట్లో అందరికీ సెలవు కాబట్టి నాకు తీరిక దొరికిందని వెనక అర్రలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. నల్లా వచ్చిందంటే బిందె పట్టుకుని బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. పెట్టె మీద పాత చీర ముక్క కప్పి ఉంది. దానికి ఇంత కుంకుమ బొట్టు.

"ఏంది అత్తా గిది?"

"నెలంత గుయ్యిమని మొత్తుకుంటనే ఉన్నది పాపం. మగ్గానికి సెలవిస్తిమి, దానికియ్యద్దా? కరెంటు మెయినే గుంజేసిన," అంది అత్త, ఊదుబత్తి పుల్లను గోడ సందులో గుచ్చుతూ. "ఫ్యాను ఆగిందని నీ మొగడు లొల్లి పెట్టిండు. మల్ల ఎత్తిన. ఎత్తంగనే గిది మల్ల మొత్తుకునుడు షురూ చేసింది. మల్ల గుంజిన. గట్ల మూడుసార్లయింది."

మూడుసార్లు! నా చేతిలో బిందె అట్లానే ఉండిపోయింది.

మగ్గం దిగేటప్పుడు ఎవరూ ఉన్నపళంగా దూకరు. నాడెలో నూలు కండె ఎంతుందో చూసుకుంటారు, తెగిన పోగుంటే ముడేస్తారు, పలక నిలిపి అప్పుడు లేస్తారు. మా కంప్యూటరులో ఉన్న లైనక్స్‌ కూడా అంతే. పని ముగిస్తున్నామని దానికి ముందు చెప్పాలి. అది తన దగ్గరున్న రాతలన్నీ డిస్కు మీద సర్దుకుని, సరే అన్నాక కరెంటు తియ్యాలి. సర్దుకునే లోపల తీస్తే, అందులోనూ లేచి కూర్చునేలోపు మళ్లీ తీస్తే, ఏ రాత ఎక్కడిదో దానికే తెలియకుండా పోతుంది.

చీర ముక్క తీసి, కరెంటు మెయిను ఎత్తాను. తెల్లని అక్షరాలు వరుసగా పోతూ పోతూ ఒక చోట ఆగాయి. డిస్కులో తప్పులున్నాయి, వాటిని నా అంతట నేను దిద్దలేను, ఇంటి పెద్ద తాళం మాట ఇస్తే తలుపు తీస్తాను, అని ఇంగ్లీషులో దాని సారాంశం.

ఆ తలుపు వెనకాల నా పల్లేరుకాయ ఉంది. చీర కోసం నేను గీసిన డిజైన్ అది. దాన్ని శనివారం పొద్దున చేనేత సొసైటీలో పెట్టాలి.

మా వీధిలో ఆసు పోసేది ఆడవాళ్లు, రంగు అంటకూడని చోటల్లా నూలుకు ముడి బిగించి చిటికి కట్టేది ఆడవాళ్లు. గళ్ల కాగితం మీద డిజైన్ గీసేది మాత్రం మగవాళ్లు. ఏడాదికోసారి సొసైటీలో పెద్దలు కూర్చుని, వచ్చిన గ్రాఫుల్లో ఒకటి ఎంచి, వీధంతా నేసేటట్టు చేస్తారు. ఆ ఏడు నేనొకటి తెస్తానని చెప్పినప్పుడు, నలభై ఏళ్లుగా గ్రాఫులు దిద్దుతున్న మల్లప్ప మామ పొగాకు నమలడం ఆపి నన్ను చూశాడు.

"బియ్యెస్సీ సదివితే లెక్కలొస్తయి బిడ్డా. డిజైనొస్తదా? ఇంతకు ఏం గీసినవ్?"

"పల్లేరుకాయ, మామా."

కూర్చున్నవాళ్లు నవ్వారు. "కాళ్లల్ల గుచ్చుకునేదాన్ని చీర మీద పెడ్తవా? కట్టుకున్నామె కుంటుకుంట నడవాలె," అన్నాడు ఒకాయన.

నాకు మాత్రం అది ఎప్పటినుంచో కళ్లలో ఉంది. మా ఎర్ర నేలల్లో ఎండకు ఏదీ బతకని చోట పల్లేరు పాకుతుంది. పసుపు పువ్వు, అయిదు రెక్కలు, కాయకు నాలుగు వైపులా ముల్లు. చిటికి రంగు అంచుల్లో ఎప్పుడూ కొంచెం చెదురుతుంది. గుండ్రటి పువ్వుకు ఆ చెదురు లోపం. ముల్లుకు అదే అందం. ఆరు వారాలు పట్టింది. కంప్యూటరులో ఒక్కో గడికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పెట్టాను. కె అంటే నలుపు, ఆర్ అంటే ఎరుపు, వై అంటే పసుపు, డబ్ల్యు అంటే తెలుపు. తొంభైఆరు వరుసలు. ఒక గడి తప్పితే వంద చీరల్లో తప్పుతుంది కాబట్టి ప్రతి వరుసా మూడుసార్లు లెక్కపెట్టాను. శనివారం లోపల అది కాగితం మీద రాకపోతే మళ్లీ ఏడాదిదాకా మాట లేదు. ఆ ఏడాదిపాటు మల్లప్ప మామ మాటే నిజమై తిరుగుతుంది.

ఈ తాళం సంగతి ఏమిటంటే, మా వీధి చివర జన్నత్ బీ కొడుకు జాఫర్ చౌటుప్పల్‌లో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఆ ఏప్రిల్‌లో ఏదో వైరస్ వచ్చి అతని దగ్గరి మిషన్లు సగం ఒకే రోజు చచ్చిపోయాయి. అప్పటినుంచి అతను పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి లైనక్స్‌ ఎక్కిస్తున్నాడు. మా ఇంటికి పాత మిషన్ తెచ్చిపెట్టినప్పుడు అదే ఎక్కించాడు.

"ఇది మంచిదే అక్కా, కానీ దీనికి ఖాయిదా ఎక్కువ," అన్నాడు. "రెండు పేర్లుంటయి. రోజు పనికి నీ పేరు. ఇంకోటి ఇంటి పెద్ద పేరు. పెద్ద పేరుతోని ఎన్నడు డిజైన్ పని చెయ్యద్దు. గా పేరుతోని ఒక్క మాట తప్పు కొడితే పెట్టె మొత్తం సాఫ్ అయితది. దాని తాళం మాట ఒక్కరి దగ్గరనే ఉండాలె. మొగని పేరు, బిడ్డ పేరు, ఊరి పేరు పెట్టద్దు. గోడ మీద రాయద్దు."

ఇంటి పెద్ద ఎవరన్నది మా ఇంట్లో ఆలోచించే పనిలేదు. అల్మారా తాళం, రంగుల అర్ర తాళం, బియ్యం గది తాళం, అన్నీ అత్త మొలన ఒకే గుత్తిలో ఉంటాయి. కంప్యూటరు తెచ్చినందుకు అత్త అప్పటికి మూడు రోజులుగా నాతో ముభావంగా ఉంది. "తాళం అత్త దగ్గరుండాలె," అన్నాను నేను.

జాఫర్ నవ్వాడు. "అవ్వకు అక్షరాలు రావు కదక్కా."

అత్తకు అది తగిలింది. "అక్షరం రాకుంటే చెయ్యి రాదారా? ఇటు పెట్టు ఆ పలక."

అప్పటికి వడ్రంగి మేజా తేలేదు. అన్నీ కింద చాప మీదే ఉన్నాయి. అత్త కీబోర్డును ముందర పెట్టుకుని కాసేపు చూసింది. ఆసు కూడా అట్లాంటిదే: ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా వంపు తిరిగిన వరుసలో మేకులు. నూలు ఆ ఒంటి మేకునుంచి ఒక్కో మేకుకు పోయి రావాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అట్లా పోయి వస్తుంది. అత్త ముప్పై ఏళ్లుగా పోస్తోంది. ఆసు మేకుల మీద పోయినట్టే చూపుడు వేలితో టకటకా పన్నెండు మీటలు కొట్టింది. మళ్లీ అవే కొట్టింది. జాఫర్ మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పెట్టె ఒప్పుకుంది.

"ఎవలకు చెప్పద్దవ్వా."

"చెప్పనీకి నాకే తెల్వదు గదరా. చెయ్యికి తెలుసు."

అంతకు మించిన తాళం లోకంలో లేదన్నాడు జాఫర్. అయిదు నెలలు దాని అవసరమే రాలేదు.

గురువారం మధ్యాహ్నం నేను అత్తను పిలిచాను. విషయం విని ఆమె ముఖం చిన్నబోయింది.

"నేను గుంజుడుతోనేనా?"

"నువ్వు కావాలని చేసినవా అత్తా. ఒక్కసారి తాళం తియ్యి."

"ఇయ్యాల తియ్య. ఆసు చెయ్యి అమావాస్య నాడు ఆడించరాదు. రేపు పొద్దుగాల తీస్త."

వాదించి లాభం లేదని తెలుసు. జాఫర్‌ను అడుగుదామని జన్నత్ బీ ఇంటికి పోయాను. సీడీ పెట్టి తాళం లేకుండా లోపలికి పోయే దారేదో ఉందని అతనొకసారి అన్నట్టు గుర్తు. "పెద్దోని అత్తగారింట్ల షాదీ. రాయచూరు పోయిండు బేటా. ఐతారం దాక రాడు. సీడీల సంచి కూడ పట్టుకపోయిండు, ఆడ ఎవరికో కావాలెనట," అంది జన్నత్ బీ. "ఫికర్ చెయ్యకు. జర చాయ్ తాగి పో."

చాయ్ తాగి వచ్చాను.

శుక్రవారం తెల్లవారగానే అత్త స్నానం చేసి, గుత్తి మొలకు దోపుకుని, కుర్చీలో కూర్చుంది. మేజా మీద కీబోర్డు. చూపుడు వేలు పైకెత్తింది. కొట్టింది. తప్పు అంది పెట్టె. మళ్లీ కొట్టింది. తప్పు. ఈ మాట కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు కాబట్టి ఎక్కడ తప్పుతోందో తెలియదు. ఏడుసార్లయ్యాక వేలు ఏ మీటకు పోవాలో తెలియక గాలిలో ఆగిపోయింది.

"మర్సిపోయినట్టున్న బిడ్డా," అంది అత్త. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మల్ల గీసుకోరాదా? కొన్ని వరుసలన్న గుర్తుంటయి కద," అన్నాడు మెల్లగా.

"ఒక్క రోజుల తొంభైఆరు వరుసలా? కొన్ని గుర్తుంటే సరిపోతదా? నువ్వు సగం అంచు నేసి చీర అంటవా?"

ఆయన మగ్గం దగ్గరికి పోయాడు.

నేను అత్త చేతినే చూస్తూ కూర్చున్నాను. వేలు తప్పడం లేదు, మోచెయ్యి తప్పుతోంది. కుర్చీ ఎత్తుకు, మేజా ఎత్తుకు మధ్య ఆమె భుజం పైకి లేచి ఉంది. నిలబడి కూర కలుపుతున్నట్టుంది చెయ్యి. ఆసు ముందు అత్త అట్లా ఉండదు. కింద పీట మీద, ఎడమ మోకాలు మడిచి, కుడి మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ఉంటుంది. తాళం పెట్టిన రోజు కూడా చాప మీదే కూర్చుంది.

"అత్తా, లే."

"ఏడికి?"

"కిందికి."

కీబోర్డు తీగ చాపదాకా అందలేదు. మా ఆయన్ను పిలిచి పెట్టెనూ తెరనూ కూడా కిందికి దించాము. ఆసు పక్కనే పీట వేసి, ఆ పక్కన చాప మీద కీబోర్డు పెట్టాను. అత్త కూర్చుని వెంటనే వేలెత్తబోయింది.

"ఇప్పుడే కొట్టకు. ముందుగాల నూలు పొయ్యి."

"నూలెందుకే?"

"పొయ్యరాదా, ఊరికెనే."

అనుమానంగా చూసింది గాని నూలు పట్టింది. ఒంటి మేకు, మొదటి మేకు, మళ్లీ ఒంటి మేకు, రెండో మేకు. పది చుట్లకు భుజం దిగింది. ఇరవై చుట్లకు పెదవులు కదలడం మొదలైంది. పని కుదిరితే ఆమె లోలోపల లెక్క పాడుకుంటుంది. నేను వంటింటి సంగతి ఎత్తాను. "పప్పుల చింతకాయ ఎయ్యాల్నా, మామిడికాయ ఎయ్యాల్నా?"

"గీ కాలంల మామిడికాయ ఏడుంటదే, ఎడ్డిదానా?" అంటూనే పోస్తోంది.

"అయితే ఇటు కొట్టు."

నూలు వదలకుండా ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి పక్కకు తిప్పింది. టకటకా పన్నెండు. ఆమె కీబోర్డు వైపు చూడనే లేదు. చివరి పెద్ద మీట నేను నొక్కాను.

తలుపు తెరుచుకుంది.

"అయిందా?" అంది అత్త.

"అయింది అత్తా!"

"చింతకాయనే ఎయ్యి," అంది ఆమె, నూలు పోసుకుంటూ. గొంతు మళ్లీ పెద్దదైంది.

జాఫర్ రాసిచ్చిన నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, డిస్కును పరీక్షించే ఆజ్ఞ ఇచ్చాను. అది ఒక్కో తప్పూ చూపించి, దిద్దమంటావా అని అడుగుతుంది. దిద్దు అన్నాను. దిద్దు, దిద్దు, దిద్దు. రెండు వందలదాకా లెక్కపెట్టి వదిలేశాను. గంటంబావు తర్వాత శుభ్రం అంది. మళ్లీ లేపి, నా పేరుతో లోపలికి పోయి, డిజైన్ల అర తెరిచాను.

అర ఖాళీగా ఉంది.

ఇల్లు ఊడ్చి శుభ్రం చేసి, సామాను వీధిలో పారేసినట్టుంది. మా ఆయన పక్కన చతికిలబడ్డాడు. నేను నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. పదకొండో పేజీ మూల జాఫర్ చేతిరాత: 'దిద్దేటప్పుడు ఎక్కడివో తెలియని రాతలను పారెయ్యదు అక్కా. పోయి దొరికినవి అని ఒక అర ఉంటది, దాంట్ల పడేస్తది. ఇంటి పెద్దకే తెరుచుకుంటది.'

"అత్తా! నూలు పొయ్యి!"

"మల్లనా? పొయ్యి మీద పప్పు పెట్టిన."

"పప్పు నేను చూస్తనమ్మా," అని మా ఆయన లేచాడు. పెళ్లయి ఎనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

ఈసారి పది చుట్లు కూడా పట్టలేదు. అర తెరుచుకుంది. అరవైఒక్క రాతలు. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఒక్కోటి తెరిచి చూడవచ్చు. కానీ పేరు పోయినవాడిని మాటను బట్టి, నడకను బట్టి పోల్చుకుంటాము కదా. నా డిజైన్ నడక నాకు తెలుసు. నలభైఎనిమిదో వరుస, కాయ నడుము. అయిదు నలుపు, ఒక పసుపు, పదకొండు ఎరుపు, ఒక పసుపు, అయిదు నలుపు. లోకంలో ఇంకే రాతలోనూ పదకొండు ఆర్‌లు ఒక దాని పక్కన ఒకటి ఉండవు. ఈ వరుస ఎందులో ఉందో వెతుకు, అని అడిగాను.

రెండు అంకెలు చూపించింది.

రెండూ తెరిచాను. ఒకటి డెబ్బైఒక్క వరుసలే. నేను పోయిన నెల వదిలేసిన పాత ప్రతి. రెండోది కిందికి జరుపుతూ పోయాను. తొంభై, తొంభైమూడు, తొంభైఆరు. ఒక్కో వరుస వేలు పెట్టి లెక్కపెట్టాను. అత్త పీట మీంచి లేవకుండా నా నోటి వైపే చూస్తోంది.

"ఒక్క గడి తప్పలే," అన్నాను.

ఆమె గుత్తి మొలనుంచి తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ దోపుకుంది.

అచ్చు వెయ్యకముందే రెండు ఫ్లాపీల మీదికి ఎక్కించాను. ఒకటి నా పెట్టెలో పెట్టి, రెండోది జన్నత్ బీ అల్మారాలో పెట్టి వచ్చాను. తర్వాత అత్తను కూర్చోబెట్టి పెట్టెకు సెలవు ఎట్లా చెప్పాలో చూపించాను. రెండు మీటలు ఒకేసారి పట్టుకుని మూడోది నొక్కాలి, తెర మీద ఆఖరి మాట వచ్చేదాకా ఆగాలి. నాలుగుసార్లు చేసి చూపించింది. సాయంత్రం ప్రింటరు కర్రకర్రమంటూ నా పల్లేరును వరుస వరుసగా బయటికి తోసింది. వెలుతురుండగానే రంగు పెన్సిళ్లతో గళ్లు నింపాను.

శనివారం సొసైటీలో అయిదు గ్రాఫులు గోడకు వేలాడుతున్నాయి. మల్లప్ప మామ నా గ్రాఫు ముందుకు వచ్చి, జేబులోంచి సూది తీశాడు. ఒక్కో గడి మీద సూది మొన పెడుతూ పెదవులతో లెక్కపెట్టాడు. అంతకుముందు మిగతా నాలుగు గ్రాఫుల్లోనూ ఆయనకు ఏదో ఒక చోట గడి తప్పు దొరికింది. నాదాని ముందు అరగంట నిలబడ్డాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి కళ్లు సగం మూశాడు. గ్రాఫును చీరలా చూడాలంటే అట్లానే చూడాలి.

"కొసలు చెదురుతయి గీ ముల్లుకు," అన్నాడు.

"చెదరాలెననే పెట్టిన మామా. ముల్లుకు నూగుంటది."

ఆయన ఇంకాసేపు చూశాడు. "నలభై ఏండ్ల సంది చెదరకుండ ఉండనీకె చస్తున్నం. చెదరనిచ్చి గెలవచ్చని ఎవనికి తట్టలే," అన్నాడు మిగతా పెద్దల వైపు తిరిగి. "నాదిదే. మీదేందో చెప్పుండ్రి."

కుంటుకుంటూ నడవాలన్న ఆయన కూడా చెయ్యెత్తాడు. అయిదుగురు పెద్దల్లో అయిదుగురూ.

మల్లప్ప మామ డిజైన్ల పుస్తకం తెరిచాడు. వీధి ఆచారం ప్రకారం ఇంటి మగవాడి పేరు రాస్తారు. "భిక్షపతి," అనుకుంటూ కలం పెట్టబోయాడు.

"నా పేరెందుకు మామా?" అన్నాడు మా ఆయన. "నాకు గీత కూడ సక్కగ గియ్యరాదు. నేను పప్పు మాడవెట్టిన, అంతే."

గది నిండా నవ్వులు. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త నవ్వలేదు. "రాయి," అంది. "సోమమ్మ. నర్సింగమ్మ కోడలు."

మామ రాశాడు. నిదానంగా, గుండ్రంగా, చదవడానికి వీలుగా రాశాడు. ఆ పుస్తకంలో అది మొదటి ఆడపేరు.

బయట అప్పటికే ఆడవాళ్లు గుమిగూడారు. మొదట జానమ్మ లోపలికి వచ్చింది. వీధిలో అందరికంటే సన్నగా చిటికి కట్టేది ఆమే. గ్రాఫు మీద వేలు పెట్టి, "ముల్లు కొసకు తెలుపు ఒక్క గడే ఎందుకు పెట్టినవ్? రెండు పెడితే కట్టుడు అలుకగుంటది కద," అంది.

"రెండు పెడితే మొద్దుబారుతది వదినా. చూడు," అని చెప్పాను.

ఆమె చూసి, తలూపి, వెంటనే ఇంకోటి అడిగింది. ఆమె వెనకాల ఉన్నామె పసుపు గురించి అడిగింది. తలుపులో ఉన్నామె వరుసల లెక్క అడిగింది. నేను ఒక్కొక్కరికీ చెబుతూ పోయాను. మల్లప్ప మామ కుర్చీ నాకు జరిపి, తాను గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు.